లైనింగ్ లేని గౌను

బొమ్మ భుజం మీద నీలం మరక కనబడగానే సన్నక్క ముందు తన వేళ్లు చూసుకుంది. మార్కింగ్ సుద్ద అంటిందేమో అనుకుంది. వేళ్లు శుభ్రంగానే ఉన్నాయి. తడి గుడ్డతో భుజం తుడిచింది. మరక కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తుడిచింది. గుడ్డ తెల్లగానే ఉంది, భుజం నీలంగానే ఉంది. అప్పుడు వీపు మీది గుండీలన్నీ విప్పి, వెల్వెట్ గౌనుని నడుము కిందికి దించి చూసేసరికి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. మెడ చుట్టూ, చంకల కింద, నడుము దగ్గర గుడ్డ బిగిసిన చోటల్లా, ఎవరో పట్టుకుని చావబాదినట్టు కమిలిపోయి ఉంది బొమ్మ.

అది మంగళవారం ఉదయం. శుక్రవారం సాయంత్రం షో.

అదేమీ పిల్లలు ఆడుకుని మంచం కిందికి తోసేసే బొమ్మ కాదు. మూరెడు పొడవుంటుంది. మెత్తటి ప్లాస్టిక్ ఒళ్లు, నిజం జుట్టు, ఆవగింజంత చెవిపోగులు. తయారై నలభై ఏళ్లయింది, ఇప్పుడు వెతికినా దొరకదు. ఇలాంటి బొమ్మల్ని పోగుచేసుకునేవాళ్లు ఇరవైనలుగురు తలా ఒకటి ఇచ్చారు. పేరున్న డిజైనర్లు ఇరవైనలుగురు వాటికి బట్టలు కుట్టించారు. బొమ్మలు బుల్లి ర్యాంపు మీద నడుస్తాయి, వాటి బట్టలు వేలం వేస్తారు, వచ్చింది కాలిన గాయాల పిల్లల వార్డుకి వెళ్తుంది. బట్టలు కొన్నవాళ్లవి. బొమ్మలు మాత్రం ఎలా వచ్చాయో అలా వాటి ఇళ్లకి తిరిగి వెళ్లాలి. ఎలా వచ్చాయో అలా అన్న మాట కాగితం మీద రాసి, ఆ డిజైనర్లలో ఒకరైన వర్క్‌షాపు మేడమ్ చేత సంతకం కూడా పెట్టించుకున్నారు.

ఈ బొమ్మ యజమాని డెబ్బై దాటిన మనిషి. డబ్బాని ఒళ్లో పెట్టుకుని కార్లో వచ్చింది, ఒళ్లో పెట్టుకునే మెట్లెక్కేదే, పడిపోతుందని డ్రైవర్ బలవంతంగా అందుకున్నాడు. వర్క్‌షాపులో అందరి గోళ్లూ చూసింది. సన్నక్క గోళ్లు చూసి "ఈమె ముట్టుకోవచ్చు" అంది. ఆ రోజు సన్నక్కకి అది మెడల్ ఇచ్చినట్టే ఉంది.

సన్నక్క అన్నది కుట్టుని బట్టి వచ్చిన పేరు. మనిషి సన్నం కాదు, పుష్టిగా ఉంటుంది. సన్నక్క ఎవరండీ అని అడుగుతూ వచ్చినవాళ్లు ఆమెని దాటుకుని వెళ్లి, అవతల కూర్చున్న బక్కమనిషి కటింగ్ మాస్టారిని చూసి తికమకపడతారు. కానీ ఆమె వేసిన హెమ్మింగ్ బయటి వైపు కనబడదు. లోపలి వైపు కూడా వెతుక్కోవాలి.

ఇప్పుడు ఆ చేతులే ఆడలేదు.

ఎలా జరిగిందో ఆమెకి నెమ్మదిగా అర్థమైంది. గౌను క్రాస్‌గా, అంటే ఏటవాలుగా కోసిన గుడ్డ. క్రాస్ గుడ్డ కోసిన రోజు ఒక పొడవు ఉంటుంది, రెండు రోజులు వేలాడితే ఇంకో పొడవు అవుతుంది. అందుకే ఆ వర్క్‌షాపులో క్రాస్ గౌను ఏదైనా రెండు రోజులు డమ్మీకి తొడిగి వదిలేస్తారు. గుడ్డ సాగేంత సాగాక అప్పుడు అంచు సరిచేసి హెమ్మింగ్ వేస్తారు. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పనే ఆమె ఈసారీ చేసింది. మూరెడు గౌనుకి డమ్మీ ఎక్కడ దొరుకుతుంది? బొమ్మకే తొడిగింది. శనివారం సాయంత్రం తొడిగితే, ఆదివారం సెలవు, సోమవారం మరమ్మతులని కరెంటు తీసేసి అందరినీ రావద్దన్నారు. ముదురు నీలం వెల్వెట్ మూడు రాత్రులు బొమ్మ ఒంటిని కరుచుకుని ఉంది.

రంగు పోతుందేమోనని పరీక్ష చెయ్యకపోలేదు. తెల్లగుడ్డ తడిపి, వెల్వెట్ మీద పెట్టి, వేడి ఇస్త్రీ కూడా చేసి చూసింది. చుక్క రంగు దిగలేదు. పద్దెనిమిదేళ్లలో రంగు విషయంలో ఆమె ఎప్పుడూ మోసపోలేదు. కానీ ఆ పద్దెనిమిదేళ్లూ ఆమె బట్టలు తొడిగింది మనుషులకీ, చెక్క డమ్మీలకీ. ఈ పాత ప్లాస్టిక్‌కి తడి అక్కర్లేదనీ, పొడిగుడ్డలోంచి కూడా రంగు తాగేస్తుందనీ ఆమెకి ఎవరు చెప్తారు?

లోపల పల్చటి తెల్ల లైనింగ్ ఉంటే ఇదేమీ ఉండేది కాదు. ఆమె అడిగింది కూడా. నడుము లావుగా కనబడుతుందని మేడమ్ ఒప్పుకోలేదు. "బొమ్మకి లైనింగ్ ఏంటి సన్నక్కా? చెమటలు పడతాయా?" అంది. అందరూ నవ్వారు. సన్నక్క కూడా నవ్వింది.

"ఏమైంది అమ్మాయ్, అలా చెమటలు పడుతున్నాయి?" అన్నాడు కటింగ్ మాస్టారు తన బల్ల దగ్గరనించి.

"ఏం లేదు మాస్టారూ. ఉక్కపోత."

"ఫ్యాను నీ నెత్తిమీదే కదా తిరుగుతోంది."

ఆమె గౌను పైకి లాగి గుండీలు పెట్టేసింది. కాజాలు ఎంత చిన్నవంటే సూదిమొనతో లాగి పెట్టాలి. పన్నెండు గుండీలు పెట్టేసరికి నాలుగుసార్లు సూది గుచ్చుకుంది. నెత్తుటి చుక్క గౌనుకి అంటకుండా వేలు నోట్లో పెట్టుకుని కూర్చుంది.

మేడమ్‌కి చెప్పేస్తే? ఆ ఆలోచన రాగానే ఇస్త్రీ ఆవిడ గుర్తొచ్చింది. పోయినేడు పెళ్లి గౌను మీద ఇస్త్రీ మచ్చ పడింది. పెట్టె థర్మోస్టాట్ పాడైందని ఆవిడ అంతకుముందు రెండుసార్లు చెప్పింది. అయినా పది నిమిషాల్లో పంపేశారు. అంతటితో పోలేదు. తర్వాత ఆవిడ ఏ షాపు మెట్లెక్కినా, ఆవిడ కంటే ముందే మేడమ్ ఫోను అక్కడికి చేరేది. ఇప్పుడు ఆవిడ ఎవరింట్లోనో అంట్లు తోముతోంది. సన్నక్క భర్త నడిపే లారీ రెండు నెలలుగా షెడ్లోంచి కదల్లేదు. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఈ సూది తప్ప ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు. చెప్పకూడదు, చచ్చినా చెప్పకూడదు అనుకుంది.

అంతలో మేడమే ఫోన్ చేసింది. షో జరిగే హాల్లో రిహార్సల్స్ చూసుకుంటోంది, గురువారం దాకా వర్క్‌షాపుకి రానంది.

"సన్నక్కా, గౌను ఎలా పడింది?"

"బాగానే పడిందండీ."

"మెడ మాత్రం అరంగుళం దించు. భుజాలు బయటికి కనబడాలి. లైట్ల కింద ఆ భుజాలు మెరిసిపోవాలి, ఏం?"

"అలాగేనండీ" అంది సన్నక్క. ఫోన్ పెట్టేశాక అక్కడే, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని ఫోన్లో వెతికింది. బొమ్మకి రంగు అంటితే ఏం చెయ్యాలని వెతికితే, లోకంలో ఈ ఏడుపు ఏడ్చినవాళ్లు బోలెడుమంది కనిపించారు. థిన్నర్ పెడితే ప్లాస్టిక్ కరిగిపోతుందట. ఆమె అప్పటికే థిన్నర్ సీసా కొంగులో చుట్టి తెచ్చుకుంది. సీసా మూత బిగించి మళ్లీ కొంగులో చుట్టేసింది. మొటిమలకి రాసే ఆయింట్‌మెంట్ పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ చుట్టి, ఎండలో పెట్టాలట. మెల్లగా పోతుందట. ఒకావిడ రెండు రోజులంది, ఒకావిడ రెండు నెలలంది. ఒక్క విషయం మాత్రం అందరూ చెప్పారు. ఎక్కువ పెడితే బొమ్మ రంగే పోయి తెల్లమచ్చ పడుతుంది, పోయిన రంగు ఇంక ఏం చేసినా రాదు.

మధ్యాహ్నం అన్నాల వేళ గౌను విప్పేసి, బొమ్మని తువ్వాల్లో చుట్టి టిఫిన్ సంచిలో పెట్టుకుంది. ఖాళీ డబ్బాలో బరువు కోసం మస్లిన్ గుడ్డ చుట్ట పెట్టింది. తలెత్తితే కటింగ్ మాస్టారు చూస్తున్నాడు.

"మూత సరిగ్గా పెట్టు అమ్మాయ్" అన్నాడాయన, కత్తెర వైపు తిరిగిపోతూ. "దుమ్ము పడుతుంది."

మందుల షాపువాడు ఆయింట్‌మెంట్ ఇస్తూ "మీ పాపకా అమ్మా?" అన్నాడు.

"ఊఁ."

"మొహం మీదేనా?"

"కాదు, భుజాల మీద. మెడ చుట్టూ. నడుము దగ్గర."

అతను ట్యూబు వెనక్కి లాక్కున్నాడు. "ఇలాంటివి ఆలస్యం చెయ్యకూడదమ్మా. డాక్టరుకి చూపించండి."

"ఉన్నది ఇంకో మూడు రోజులే బాబూ, ఇచ్చెయ్" అంది సన్నక్క. అతను బిత్తరపోయి ఇచ్చేశాడు.

ఇంట్లో మామయ్య ఒక్కడే ఉన్నాడు. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. ఇప్పుడు చెయ్యి వణుకుతోందని మానేశాడు గానీ, కంటికి పెట్టుకునే భూతద్దం మాత్రం జేబులోంచి తియ్యలేదు. కోడలు వేళకాని వేళ ఇంటికొచ్చి, సంచిలోంచి బొమ్మని తీసి, మాట్లాడకుండా ఏడవడం మొదలుపెడితే ఆయన కంగారుపడలేదు. భూతద్దం పెట్టుకుని బొమ్మని చూశాడు.

"చచ్చిపోలేదులే" అన్నాడు. "ఏం చెయ్యాలో చెప్పు."

ఆమె చెప్పింది. ఆయన బొమ్మ నడుము అటూ ఇటూ తిప్పి చూశాడు. "భుజాలకీ మెడకీ రాయి. నడుముకి వద్దు. ఇక్కడ అతుకుంది చూడు. మందు లోపలికి దిగితే లోపలి రబ్బరు కుళ్లిపోతుంది. రెండుగా ఊడి చేతికొస్తుంది. చంకల్లోనూ అంతే."

"మరి నడుము?"

"నడుము గౌను కిందే కదా ఉండేది."

నిజమే. షో అయ్యాక బొమ్మ బట్టలు విప్పి డబ్బాలో పెట్టేది తనే. ఆ పెద్దావిడ ఇంటికెళ్లి ఎప్పుడో తీసి చూసుకునేసరికి ఏ ఆర్నెల్లో అవుతుంది. అప్పటి సంగతి అప్పుడు. ఆ ఆలోచన సిగ్గుగానే ఉంది, కానీ కళ్లు తుడుచుకుని ట్యూబు మూత తీసింది.

మామయ్య మళ్లీ అన్నాడు. "చెప్పెయ్యకూడదా అమ్మా? చెప్పి తిట్లు తింటే పోయేదానికి..."

"తిట్టరు మామయ్యా. తిడితే ఇంత భయం లేదు."

ఆ సాయంత్రం ఎండ ఉన్నంతసేపూ, బుధవారం పూర్తిగా, బొమ్మ మేడమీద ఎండలో ఉంది. పక్కనే గొడుగేసుకుని మామయ్య ఉన్నాడు. కాకి వస్తుందని ఒకసారి, పక్కింటి పిల్లి వస్తుందని ఒకసారి కర్ర ఆడించాడు. పక్క మేడ మీద బట్టలారేస్తున్నావిడ ఉండబట్టలేక అడిగింది.

"ఏంటండీ పెద్దాయనా, బొమ్మకి కాపలా కాస్తున్నారు?"

"జలుబు చేసిందమ్మా. ఎండ తగిలితే మంచిదన్నారు."

సన్నక్క మాత్రం వర్క్‌షాపులో ఖాళీ డబ్బా పక్కన కూర్చుని గౌను మెడ దించింది. మస్లిన్ గుడ్డలోంచి లైనింగ్ కోసింది. నడుము లావు కాకుండా దాన్ని నాలుగు ముక్కలుగా కోసి, కుట్లు గౌను కుట్ల మీద పడకుండా పక్కకి జరిపి వేసింది. మాస్టారు వచ్చి చూసి "నడుము దగ్గర కుట్టుకి వదిలిన గుడ్డ సగం కత్తిరించెయ్" అని మాత్రం అన్నాడు. గంటకోసారి ఆమె ఇంటికి ఫోన్ చేసింది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, సూది ఆపి తలుపు వైపు చూసేది. కొరియర్ వాడొచ్చినా మేడమే అనిపించేది. అన్నం సయించలేదు, పెట్టిన ముద్ద పెట్టినట్టే డబ్బాలో ఉంది.

గురువారం పదకొండింటికి చెప్పుల చప్పుడు నిజంగానే మేడమ్‌ది.

"తియ్, తియ్, బొమ్మని చూపించు. హాల్లో స్టాండ్ కొలత కావాలంటున్నారు." అంటూనే డబ్బా ఉన్న అల్మారా వైపు నడిచింది.

సన్నక్క లేచి నిలబడింది గానీ కాళ్లు ముందుకి పడలేదు. డబ్బా మీద మేడమ్ చెయ్యి పడింది.

"అమ్మగారూ, ముందు ఇది చూడండి" అని మాస్టారు బల్ల దగ్గరనించి అరిచాడు. ఆయన ఎప్పుడూ అరవడు. "ఆ పెళ్లి ఆర్డరు గుడ్డ నేతలో నూలు ఎగిరి గీత పడింది. కొయ్యమంటారా, తిప్పి పంపమంటారా? కోశాక నన్ను అనొద్దు."

మేడమ్ విసుక్కుంటూ అటు వెళ్లింది. సన్నక్క మెట్ల మీదికి పరిగెత్తి ఇంటికి ఫోన్ చేసింది. "మామయ్యా, ఇప్పుడే" అంది. అంతకంటే ఆయనకి అక్కర్లేకపోయింది.

గుడ్డలో ఎగరని నూలుని మాస్టారు పావుగంట వెతికాడు. వెలుతురు చాలదని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మేడమ్ "ఎక్కడయ్యా?" అంటుంటే, "ఇందాకే చూశానండీ, కళ్లు మసకలు" అన్నాడు. మేడమ్ ఇంక ఓపిక పోయి ఇటు తిరిగేసరికి, తలుపు దగ్గర మామయ్య రొప్పుతూ నిలబడి ఉన్నాడు. చేతిలో పాత గడియారాల పనిముట్ల సంచి.

"టిఫిన్ డబ్బా మర్చిపోయావమ్మా" అన్నాడు.

టిఫిన్ డబ్బా సన్నక్క బల్ల మీదే, అందరి కళ్లెదుటా ఉంది. మేడమ్ ఫోను మోగింది కాబట్టి చూడలేదు. సన్నక్క సంచి పట్టుకుని అల్మారా చాటుకి వెళ్లింది. ఆయింట్‌మెంట్ తుడిచి, గౌను తొడిగి, పన్నెండు గుండీలు పెట్టింది. ఈసారి సూది ఒక్కసారే గుచ్చుకుంది.

ఎడమ భుజం మీద మరక దాదాపు పోయింది. ఎంతగా పోయిందంటే, చుట్టూ ఉన్న రంగు కంటే అక్కడ ఒక పిసరు పాలిపోయినట్టు ఉంది. కుడి భుజం మీదా మెడ మీదా లేతగా ఇంకా ఉంది, తెలిసినవాళ్లకి కనబడేంత. నడుము మాత్రం మంగళవారం ఎలా ఉందో అలాగే ఉంది.

మేడమ్ బొమ్మని దూరంగా పెట్టి, తల వంచి చూసింది. "బావుంది. నడుము కొంచెం లావైనట్టు లేదూ?"

"వెల్వెట్ కదండీ" అంది సన్నక్క.

"ఊఁ. సరే, రేపు నువ్వూ హాలుకి రా. స్టేజి వెనక ఉండు, దారం గీరం ఊడితే చూసుకో. షో అయ్యాక ఆ పెద్దావిడ తన చేత్తోనే గౌను విప్పుతుందట. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదట. ఆవిడ విప్పిన గౌనుని డబ్బాలో పెట్టడం వరకే నీ పని."

సన్నక్క తలూపింది. మేడమ్ వెళ్లిపోయాక కూడా ఊపుతూనే ఉంది.

"కూర్చో అమ్మాయ్" అన్నాడు మాస్టారు.

శుక్రవారం హాలు నిండిపోయింది. మూడు భోజనాల బల్లలంత పొడవున బుల్లి ర్యాంపు కట్టారు, కింద ఏదో పట్టా తిరుగుతుంటే బొమ్మలు ఒక్కొక్కటే స్టాండు మీద జరుగుతూ వచ్చి, చివర ఒక చుట్టు తిరిగి ఆగుతున్నాయి. ముందు వరసలో వార్డు పిల్లలు కూర్చున్నారు. ఒక పాప మెడనిండా కట్టుతో, బొమ్మ తిరిగినప్పుడల్లా తనూ మొత్తం భుజాలతో సహా తిరుగుతోంది. తెర సందులోంచి ఆ పాపని చూసి సన్నక్కకి తన భయం మీద తనకే రోత పుట్టింది. రోత పుట్టినంత మాత్రాన భయం తగ్గలేదు.

నీలం గౌను బొమ్మ బయటికి రాగానే చప్పట్లు మోగాయి. కొలతకి కొలత, కుచ్చుకి కుచ్చు, పెద్ద గౌను ఒకటి చిన్నదైపోయినట్టే ఉంది. లైట్ల కింద భుజాలు మెరిశాయి. మేడమ్ మైకు తీసుకుంది.

"ఈ గౌనులో ప్రతి కుట్టూ నా చేత్తో వేశాను. వర్కర్లని ముట్టుకోనివ్వలేదు. మూడు వారాలు నిద్ర లేదు. ఈ పిల్లల కోసం అంతమాత్రం చెయ్యలేనా అనుకున్నాను."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి సన్నక్కకి ఒళ్లు మండేది. ఇంటికెళ్లి మామయ్యకి చెప్పి ఇద్దరూ కలిసి మేడమ్‌ని దులిపేసేవాళ్లు. ఇవాళ మాత్రం అమ్మయ్య అనిపించింది. ప్రతి కుట్టూ ఆవిడదే అయితే... అక్కడితో ఆలోచన ఆపేసుకుంది. పైకి అనుకోవడానికి కూడా భయమేసింది.

వేలంలో ఆ గౌనే అన్నిటికంటే ఎక్కువకి పోయింది. నగల షాపావిడ కొనుక్కుంది.

స్టేజి వెనక గదిలో బల్ల మీద తెల్లదుప్పటి పరిచారు. పెద్దావిడ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. పక్కన మేడమ్, కొనుక్కున్న నగల షాపావిడ, ఫొటోలు తీసే అతను. గౌను డబ్బా పట్టుకుని గోడ పక్కన సన్నక్క. పెద్దావిడ ముసలి వేళ్లతో ఒక్కో గుండీ విప్పుతోంటే, కాజాలోంచి గుండీ జారే చప్పుడు కూడా తనకి వినిపిస్తున్నట్టే ఉంది సన్నక్కకి. ఎనిమిది గుండీలయ్యాయి. ఎడమ చెయ్యి ఇవతలికి తీసింది. కుడి చెయ్యి తీసి పైకెత్తింది. అక్కడ ఆగిపోయింది. కళ్లజోడు సరిచేసుకుని చంక కిందికి వంగి చూసింది.

"ఇదేంటి?" అంది.

మేడమ్ బొమ్మని చూసింది, సన్నక్కని చూసింది. ఫొటో తీసే అతన్నీ, నగల షాపావిడనీ చూసింది. ఇదిగో ఇప్పుడే, అనుకుంది సన్నక్క.

"అయ్యో, నాదే పొరపాటమ్మా!" అని నవ్వింది మేడమ్, చెంప మీద చెయ్యేసుకుని. "పనిలో పడితే నాకు ఒళ్లు తెలీదు. రంగు అంటిందన్నమాట. మీరు ఏ శిక్ష వేస్తే ఆ శిక్ష."

పెద్దావిడ మొహం ఒక్క క్షణం బిగిసింది. తర్వాత సడలింది. "ఇంత పని చేశాక మిమ్మల్ని ఏమంటాను? నా బొమ్మల్లో సగానికి ఇలాంటి మచ్చలున్నాయి. పోతుందిలెండి."

"దాచకుండా ఎంత బాగా ఒప్పుకున్నారండీ!" అంది నగల షాపావిడ. ముగ్గురూ నవ్వారు. అతను ఆ నవ్వుని ఫొటో తీశాడు.

అయిపోయింది. నాలుగు రోజులుగా సన్నక్క అరచేతిలో ప్రాణాలు పెట్టుకుని మోసిన తప్పు, మేడమ్ చేతిలో నిమిషం నిలవలేదు. నవ్వేసరికి తేలిపోయింది. సన్నక్క గోడకి ఆనుకుంది. బతికిపోయాను అనుకుంది. బతికిపోయినందుకు సంతోషం రావాలి కదా అని చూసుకుంటే, రాలేదు. అదే మాట తను అని ఉంటే ఈ గదిలో ఎవరైనా నవ్వేవాళ్లా?

పెద్దావిడ చేతిసంచిలోంచి చిన్న బ్రష్షు, దూది, ఒక ట్యూబు తీసింది. సన్నక్కకి ఆ ట్యూబు మూడు రోజులుగా బాగా తెలుసు.

"ఇప్పుడే రాసి తీసుకుపోతాను. భుజాల మీద కూడా లేతగా ఉన్నట్టుంది. ఇంతకుముందు దీనికి ఏమైనా రాశారా మీరు?"

"ఏమీ రాయలేదమ్మా" అంది మేడమ్. "ఓ గంట తొడిగానంతే."

పెద్దావిడ బ్రష్షు మీద మందు తీసుకుంది. ఎడమ భుజం మీదికి వంగింది. రెండు రోజుల ఎండ తిని, ఇప్పటికే పాలిపోయిన భుజం అది. ఇంకొక్క పూట మందు పడితే తెల్లమచ్చే. నలభై ఏళ్ల బొమ్మకి ఇంక అది పోదు. నోరు మూసుకో అని సన్నక్క తనకి తాను చెప్పుకుంది. చెప్పుకుంటూ ఉండగానే నోరు తెరుచుకుంది.

"ఆ భుజానికి వద్దండీ!"

అందరూ తిరిగారు. బ్రష్షు గాల్లో ఆగింది.

"ఎందుకు?" అంది పెద్దావిడ.

"రెండు రోజులు రాసి ఎండలో పెట్టానండీ. ఇంక పెడితే తెల్లబడిపోతుంది."

"నువ్వెవరు?"

"కుట్టేదాన్నండీ."

"ఏం కుట్టావు?"

మేడమ్ నవ్వు మొహం మీద అలాగే ఉంది. కళ్లు మాత్రం నవ్వడం లేదు. గుండీలు కుట్టానని చెప్పొచ్చు. దారం తెంపానని చెప్పొచ్చు.

"ఇదేనండీ. గౌను."

ఫొటో తీసే అతను కెమెరా కిందికి దించాడు. నగల షాపావిడ గౌనునీ మేడమ్‌నీ మార్చి మార్చి చూసింది. మేడమ్ రెండడుగులు వేసి సన్నక్క పక్కకి వచ్చి, ఎంతో ఆప్యాయంగా భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర మెల్లగా అంది. "నీ కత్తెర, సూదుల డబ్బా రేపు ఎవరిచేతైనా ఇంటికి పంపిస్తాలే."

అని అట్నుంచి అటే బయటికి వెళ్లిపోయింది, ఎవరో పిలిచినట్టు. ఇస్త్రీ ఆవిడకి పది నిమిషాలు పట్టింది. తనకి అంత కూడా పట్టలేదు. ఇన్నాళ్లూ ఏది జరుగుతుందని భయపడిందో అది జరిగిపోయింది. రేపు ఏ షాపు మెట్లెక్కాలి, కూతురికి ఏం చెప్పాలి?

పెద్దావిడ ట్యూబు మూత పెట్టింది. ఇందాకటి నవ్వు ఆవిడ మొహంలో ఎక్కడా లేదు.

"ఎంతసేపు తొడిగి ఉంచావు?"

"శనివారం సాయంత్రం నుంచి మంగళవారం పొద్దుటిదాకానండీ."

"మూడు రాత్రులు!" ఆవిడ బొమ్మ చేతిని తన రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. "మరి ఈ లైనింగ్?"

"ఇది తర్వాత వేసిందండీ. అప్పుడు లేదు."

"మందు ఏ పూట ఎంతసేపు పెట్టావో చెప్పు. అన్నీ చెప్పు. తెలియకుండా చేస్తే ఉన్నది కూడా పోతుంది."

సన్నక్క చెప్పింది. ఏ భుజానికి ఎన్ని గంటలో, మెడకి ఎన్ని గంటలో, చంకల్లో ఎందుకు రాయలేదో. పెద్దావిడ వింటూ, కళ్లజోడులోంచి ఆమెనే చూస్తోంది. కోపం పోలేదు. కానీ ఒక్క మాట కూడా వదలకుండా వింది.

"ఇంకెక్కడైనా ఉందా?"

గౌను ఇంకా నడుము దగ్గర నాలుగు గుండీల మీద ఆగి ఉంది. ఆ కింద ఏముందో ఆ గదిలో సన్నక్క ఒక్కదానికే తెలుసు. లేదండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఆమె గౌను డబ్బా కింద పెట్టింది. చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. బల్ల దగ్గరికి వచ్చి, ఆ నాలుగు గుండీలూ విప్పి, లైనింగ్ పక్కకి తీసి, బొమ్మ వీపు ఆవిడ వైపు తిప్పింది.

"ఇక్కడ ఉందండీ" అంది. "అన్నిటికంటే ఇదే పెద్దది."